నిలువు జొన్న పుట్టుక

జూన్ 28

పదకొండేళ్ళ తర్వాత మళ్ళీ రాయడం మొదలుపెడుతున్నాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మొక్కల ఎత్తులు, కణుపుల లెక్కలు రాసుకున్నాను. ఇప్పుడు మనుషుల కదలికలు రాసుకోవాలి. రేపు ఎవరైనా నిలదీస్తే తేదీలతో సహా చూపించడానికి ఉంటుంది.

మొదటి సంగతి. నా గదిలో కిటికీ పక్క బీరువాలో నా పొలం పుస్తకాలు ముప్పైనాలుగు ఉన్నాయి. ఏ ఏటికి ఆ ఏడు, వరుసలో. ఇవాళ పొద్దున చూస్తే పందొమ్మిదోది ఇరవయ్యోదాని తర్వాత ఉంది. నేను అలా పెట్టను. మా ఆవిడ ఆ బీరువా మీద దుమ్ము కూడా తుడవదు, నలభై ఏళ్ళుగా మా ఇద్దరికీ ఆ ఒప్పందం ఉంది. కొడుకు బస్సు డిపోలో ఇంజన్లు విప్పుతాడు, వాడికి జొన్నకూ మొక్కజొన్నకూ తేడా తెలియదు. మనవరాలికి బొమ్మలు లేని పుస్తకం చూస్తే ఆవులింతలు. ఇక మిగిలింది కోడలు.

నేను ముప్పైనాలుగేళ్ళు పనిచేసిన జొన్న పరిశోధన కేంద్రంలోనే కోడలు పనిచేస్తుంది. పశువుల మేత కోసం ఇప్పుడున్నవాటి కన్నా ఎత్తుగా పెరిగే జొన్నను తయారుచేయడం ఆమె పని. మేతజొన్న అనగానే ఎవరికైనా ముందు గుర్తు రావలసింది ‘నిలువు’. తొమ్మిదడుగులు. అది నాది. దాన్ని మించినదాన్ని తెస్తానంటుంది. తేనీ. నా పుస్తకాలతో ఏం పని?

జూన్ 29

పందొమ్మిదోదే ఎందుకు?

జూలై 2

ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన ఒక ప్లాస్టిక్ పలక. దానికి తొంభై ఆరు గుంటలు. ఒక్కో గుంటలో చొక్కా గుండీ కన్నా చిన్నదైన ఆకుముక్క.

“ఈ ఇంట్లో పాలకి చోటు లేదు గానీ గడ్డికి ఉంది” అంది ఆవిడ.

“గడ్డి కాదత్తయ్యా, జొన్న మొలకలు. ల్యాబ్‌లో ఫ్రిజ్ పాడైంది. రేపు పొద్దున్నే తీసుకుపోతాను.”

“ఈ ముక్క చూసి మొక్క ఎంత పొడుగవుతుందో చెప్పేస్తావా?”

“దాదాపుగా.”

“అయితే మీ మామగారి గోరుముక్క ఒకటి ఇస్తాను. ఈయన కోపం ఎన్నేళ్ళకి దిగుతుందో చూసి చెప్పు.”

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను పేపరు తిప్పాను.

మార్కర్లట. జన్యువు పక్కన ఉండే గుర్తులు. మొక్క ఇంకా జానెడు కాకముందే ఆకుముక్క నలిపి, ఆ గుర్తులు చదివి, ఇది పొడుగు, ఉంచండి, ఇది పొట్టి, పీకేయండి అంటారు. మేము ఎండలో మూడు నెలలు నిలబడి కర్రతో కొలిచి తెలుసుకున్నది వీళ్ళు మధ్యాహ్నం టీలోపు తేల్చేస్తారు. నేను వ్యతిరేకిని కాను. అర్థం కాక మాట్లాడుతున్న ముసలివాణ్ణీ కాను. జన్యుశాస్త్రం చరిత్రను దాని పుట్టుక నుంచీ చదివాను. బఠాణీలు లెక్కపెట్టిన ఆ సన్యాసి అంకెలు మరీ చక్కగా ఉన్నాయని తర్వాతి తరాలవాళ్ళు ఆయన్నే అనుమానించారు. నా సందేహం సాధనం మీద కాదు, దాన్ని పట్టుకున్న చేతుల మీద.

ఆ చేతుల వెనక ఎవరున్నారో నాకు తెలుసు. ఇప్పటి డైరెక్టర్. నవ్వుమొహం అని పేరు పెట్టాను. నా కింద చేరినప్పుడు, బయటి పుప్పొడి పడకుండా కంకికి కాగితపు సంచి తొడగడం రాదు, తొడిమ విరిచేసేవాడు. నా రిటైర్మెంట్ రోజున ‘నిలువు’ను ‘మన సంస్థ కృషి’ అన్నాడు. నా పేరు రెండు నిమిషాల తర్వాత చెప్పాడు.

జూలై 5

ఫోన్లో మాట్లాడుతూ నేను వంటగదిలోకి రాగానే గొంతు తగ్గించింది. విన్న మాటలు మూడు: “పీట”, “పాత విత్తనం”, “ఆయనకి చెప్పకండి”.

మనవరాలు, “తాతా, నువ్వు తలుపు వెనక ఎందుకు నిలబడ్డావు?” అని గట్టిగా అడిగింది. చెప్పు కోసం వెతుకుతున్నానన్నాను. చెప్పులు రెండూ కాళ్ళకే ఉన్నాయి.

జూలై 9

సాయంత్రం కోడలు నా గదికి వచ్చింది. తలుపు దగ్గరే నిలబడింది.

“మామయ్యగారూ, నిలువుకి తల్లి తీపికాడ రకం, తండ్రి ఎడారి రకం. అంతేకదా?”

“నా పుస్తకం తిరగేశావుగా, తెలియదా?”

“మీరు పడుకున్నారని అడక్కుండా తీశాను. తప్పే. పందొమ్మిదో పుస్తకంలో ఆ క్రాసింగ్ చేసిన పేజీ కోసం చూశాను. దొరకలేదు.”

“చినిగి ఉంటుంది.”

“పేజీ నంబర్లు వరుసగానే ఉన్నాయండీ.”

నేను కళ్ళజోడు తుడుచుకున్నాను. ఆమె ఆగి ఆగి చెప్పింది. నిలువులో ఎడారి గుర్తు ఒక్కటీ లేదట. తీపికాడవి కూడా లేవట. అరవై మార్కర్లు చూసిందట. తల్లి లేదు, తండ్రి లేడు.

“నీ మిషన్ చెడి ఉంటుంది” అన్నాను.

“అదే అనుకుని వేరే మిషన్ మీద చేశాను.”

“అయితే నీ చెయ్యి.”

“అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. విత్తనం నా దగ్గరే ఎక్కడో మారిందేమో. మీ పుస్తకం తప్పయి ఉంటుందని నాకు తట్టనే లేదు.”

ఎంత వినయం. ఇంత వినయంగా మాట్లాడేవాళ్ళ గురించి చరిత్ర నిండా చదివాను. రాజు పక్కన నిలబడేది వాళ్ళే.

జూలై 10

ఆ పద్నాలుగు మొక్కలూ పీకించాను. చూసినవాళ్ళున్నారు.

జూలై 14

బజారులో దర్జీ కొట్టు ముందు కోడలి స్కూటర్. దర్జీ దగ్గర ఆమె లేదు. పైన గది కిటికీ తెరిచి ఉంది. ఆ గదిలో ఉండేది ఒకప్పుడు నాతో పనిచేసిన కొలబద్ద.

ఎదురుగా మందుల షాపు అరుగు మీద నలభై నిమిషాలు కూర్చున్నాను. షాపువాడు రెండుసార్లు, “ఏం కావాలండీ పెద్దాయనా?” అని అడిగాడు. మూడోసారి దగ్గుమందు కొన్నాను. ఆమె దిగి వచ్చింది. చేతిలో ఒక పాత రిజిస్టరు.

ఇప్పుడు బోధపడింది. నవ్వుమొహం, కొలబద్ద, నా ఇంటి కోడలు. ముగ్గురూ.

జూలై 15

కొలబద్ద గురించి రాసి ఉంచాలి. నా వైపు మాట కాగితం మీద ఉండాలి.

ఇద్దరం ఒకే ఏడు ఉద్యోగంలో చేరాం. ఎప్పుడూ ఆరడుగుల కొలకర్ర భుజాన వేసుకుని తిరిగేవాడు కాబట్టి ఆ పేరు. ఇరవయ్యారేళ్ళ క్రితం అతను ‘పీట’ అనే పొట్టి రకాన్ని తయారుచేశాడు. ఛాతీ ఎత్తు, లావు కాడ, ఆకుకు మచ్చతెగులు రాదు. విడుదలకు ముందు విత్తనపు మడిని పరీక్ష చేసే బాధ్యత నాది. వెళ్ళి చూస్తే, దుప్పటి పరిచినట్టున్న ఆ పొట్టి మడిలో పద్నాలుగు మొక్కలు తలలెత్తి నిలబడి ఉన్నాయి. రెండింతల ఎత్తు.

“బయటి పుప్పొడి కాదయ్యా ఇది” అన్నాడు కొలబద్ద. “ప్రతి కంకికీ నా చేత్తో సంచి తొడిగాను. లోపల్నుంచే వచ్చాయి. పోయిన ఎత్తు తిరిగొచ్చింది.”

“చెడిన జన్యువు తనంతట తనే బాగుపడిందా?”

“బాగుపడింది. ఎలాగో తెలీదు.”

ఆ రోజుల్లో ఆ మాట చెవిలో పువ్వు పెట్టినట్టే ఉండేది. ఇప్పుడది పాఠ్యపుస్తకాల్లో ఉంది. అది వేరే సంగతి. నేను కళ్ళతో చూసింది రాశాను: ‘పనిలో నిర్లక్ష్యం వల్ల విత్తనం కల్తీ అయినది, లేదా కావాలని కల్తీ చేయబడినది.’ పీట విడుదల ఆగిపోయింది. అతన్ని పొలం నుంచి తీసేసి విత్తనాల గోదాములో రిజిస్టర్లు రాయమన్నారు. అది నా నిర్ణయం కాదు. పద్నాలుగూ పీకించాను.

ఆగస్టు 6

ఆస్పత్రికి అని చెప్పి కేంద్రానికి వెళ్ళాను. గేటు దగ్గర కాపలావాడు కొత్తవాడు, పేరు రాయమన్నాడు. రాశాను. చదివి కూడా లోపల ఎవర్ని కలవాలని అడిగాడు. జొన్నను, అన్నాను.

కోడలి మడి చెరువుగట్టు వైపు. విత్తి యాభై రోజులు. ఆమె ఆలోచన ఇది. జొన్న ఎత్తును నడిపే జన్యువులు నాలుగు. ఏది చెడినా మొక్క ఒక మెట్టు దిగుతుంది. నా పుస్తకం ప్రకారం నిలువులో చెడినది రెండోది, తండ్రి ఎడారి నుంచి వచ్చింది. పీటలో చెడినవి మొదటిదీ మూడోదీ. రెంటినీ కలిపితే, మనవల తరంలో నాలుగూ బాగున్న మొక్కలు కొన్ని పుట్టాలి. పదకొండు, పన్నెండు అడుగులు. వాటిని మొలకల్లోనే మార్కర్లతో ఏరుకోవచ్చు. మంచి ఆలోచన. నేనైనా అదే చేసేవాణ్ణి.

అలాంటి మడిలో మొక్కలు పిల్లల బడి ప్రార్థనలో వరుసలా ఉండాలి. పొట్టి, కొంచెం పొట్టి, నడిమి, పొడుగు, మరీ పొడుగు. అక్కడ రెండే ఎత్తులు ఉన్నాయి. నిలువంత, పీటంత. మూడింటికి ఒకటి చొప్పున. మధ్యలో ఏమీ లేదు. నిలువును దాటిన మొక్క ఒక్కటీ లేదు. ఆకు వెడల్పు, కాడ రంగు, ఈనె తెలుపు, అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకటే.

అయిదు నిమిషాలకన్నా నిలబడలేకపోయాను. ఎండ.

ఆగస్టు 7

ఎరువు సరిగా పడలేదు. నీరు కూడా ఒకవైపే పారింది. అలాంటప్పుడు ఎత్తులు అలాగే ఉంటాయి.

ఆగస్టు 12

కొడుకు డిపో నుంచి తిన్నగా నా గదికి వచ్చాడు. చేతులకి నల్లటి గ్రీజు.

“నాన్నా, దాని కాంట్రాక్టు ఈ నెలాఖరుతో అయిపోతుంది. ఇరవై తొమ్మిదిన కమిటీ కూర్చుంటుందట. రెండేళ్ళ పని బూడిద అయింది, విత్తనాలు కలిపేసుకున్నావు అంటున్నారట. అలా రాసి పంపిస్తే ఇంకెక్కడా తీసుకోరు.”

“నన్నేం చేయమంటావు?”

“మీకు తెలిసిందేదైనా ఉంటే చెప్పండి. అది మిమ్మల్ని అడగలేక చస్తోంది.”

“నాకేం తెలుస్తుంది? ఇప్పటి శాస్త్రం వేరు.”

వాడు నావైపు చూశాడు. ఇంజను శబ్దం విని ఎక్కడ తేడా ఉందో వెతికేవాడి చూపు అది. నాకు నచ్చలేదు.

ఆగస్టు 13

నా కోడలు అయినంత మాత్రాన శాస్త్రం వంగదు. ఈ ఇంట్లో ఈ మాట అనగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

నవ్వుమొహానికి ఉత్తరం రాశాను. ‘నేను స్వయంగా మడిని పరిశీలించాను. నిలువు పుట్టుక గురించి రికార్డు నిర్దుష్టమైనది. ప్రస్తుత ఫలితానికి పనిలో నిర్లక్ష్యం వల్ల విత్తనం కల్తీ కావడమే కారణమై ఉండవచ్చును.’ కింద సంతకం చేశాను. స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాను. అతను కుర్చీలోంచి లేచి మరీ తీసుకున్నాడు. అంత గౌరవం నాకు ఈ పదకొండేళ్ళలో దక్కలేదు.

ఇంటికి వచ్చాక నకలు మళ్ళీ చదివాను. వాక్యం ఎక్కడో చదివినట్టు ఉంది.

ఆగస్టు 14

ఎక్కడ చదివానో తెలుసు.

ఆగస్టు 19

ఉత్తరం సంగతి కోడలికి చెప్పాడట నవ్వుమొహం. చెప్పకుండా ఉంటాడని ఎందుకనుకున్నాను?

ఆమె నన్ను ఏమీ అనలేదు. టీ తెచ్చి బల్ల మీద పెట్టి, “పంచదార వేయలేదు” అని వెళ్ళిపోయింది. రోజూ వేయదు. రోజూ చెప్పదు.

కాసేపటికి ఆవిడ వచ్చి నా మంచం అంచున కూర్చుంది. ఈ గదిలో కూర్చుని చాలా ఏళ్ళయింది.

“పిల్ల మీద ఉత్తరం రాశారట.”

“ఉన్నది రాశాను.”

“ఉన్నది నాకూ తెలుసు కదండీ. ఆ మూడు కంకులు ఎవరు నలిచారు?”

నేను టీ గ్లాసు అందుకున్నాను.

“టిఫిన్ డబ్బాలో పెట్టుకుని తెచ్చారు. పేపరు పరిచి, వంటగదిలో కూర్చుని, ఒక్కో కంకీ విడివిడిగా నలిచి మూడు పొట్లాలు కట్టాను. గింజ పోకూడదు, ఒకదాంట్లో ఒకటి కలవకూడదు అని నా నెత్తిన నిలబడ్డారు. ఎక్కడివి అంటే, మనవేలే అన్నారు. నేను చదువుకోకపోవచ్చు. ఆ వారమే ఆ కర్రాయన్ని గోదాముకి పంపారు. ఆ వారమే మీరు నాకు కొత్త మిక్సీ కొన్నారు.”

“దానికీ దీనికీ సంబంధం లేదు.”

“నేనూ అదే అనుకుంటూ ఇన్నాళ్ళు పచ్చళ్ళు రుబ్బాను. కమిటీ ముందు మీరు చెబుతారా, నన్ను రమ్మంటారా? నాకు జన్యువులు రావు. కంకులు నలిచానని చెప్పడం వచ్చు.”

ఆగస్టు 20

పద్నాలుగు కాదు. పదకొండు పీకించాను.

మూడు ఉంచాను, ఆసక్తి కొద్దీ. అప్పటికి దొంగతనం కాదు. నిజంగా కల్తీ అనే అనుకున్నాను. మరుసటి ఏడు నా ఇంటి వెనక జాగాలో విత్తాను. బయటి పుప్పొడి వల్ల పుట్టినవే అయితే పిల్లలు రకరకాలుగా ఉండాలి. ఆకు, రంగు, గింజ, అన్నీ చెదిరిపోవాలి. చెదరలేదు. అన్నీ పీట పిల్లలే. ఎత్తులో మాత్రం ప్రతి నాలుగింటిలో మూడు పొడుగు, ఒకటి పొట్టి. కొలబద్ద చెప్పింది అక్షరాలా నిజమని నాకు ఆ రోజు తెలిసింది. అతను గోదాములో చేరి అప్పటికి పది నెలలు.

వెళ్ళి చెప్పాలనే అనుకున్నాను. ముందు రెండు తరాలు చూసి నిర్ధారించుకుందాం అనుకున్నాను. తర్వాత అది చాలా బాగా పెరిగింది. తర్వాత దానికి పేరు పెట్టాల్సి వచ్చింది. తల్లి, తండ్రి అనే గళ్ళు నింపమన్నారు. ఎవరికీ పీట గుర్తుకు రాకూడదు కాబట్టి దూరపు పేర్లు రెండు రాశాను. ఆ రెండు పేర్లు నమ్మి నా కోడలు ఒకే రకాన్ని దానితోనే కలిపి రెండేళ్ళు కాపలా కాసింది.

పీటలో చెడిన రెంటిలో తనంతట తనే బాగుపడింది మూడోది ఒక్కటే; ఆ మొదటి జన్యువు నిలువులోనూ చెడే ఉంది. ఎవర్ని ఎవరితో కలిపినా అది బాగుపడదు.

ఆగస్టు 29

కమిటీలో ముగ్గురు. మధ్యలో కూర్చున్నావిడకి నలభై దాటవు. జొన్న మీద నేను అచ్చు వేయించిన పుస్తకం చదివే ఈ చదువులోకి వచ్చానంది. కోడలు గోడ పక్క కుర్చీలో. నేను వస్తానని ఆమెకు తెలియదు.

ఉన్నదంతా చెప్పాను. కంకులు, డబ్బా, ఇంటి వెనక జాగా, రెండు దొంగ పేర్లు. ఇరవై నిమిషాలు పట్టింది. గొంతు వణకలేదు. ఉపన్యాసాలు ఇచ్చినవాణ్ణి కదా.

నవ్వుమొహం నా ఉత్తరాన్ని ఆ మధ్యలో ఉన్నావిడ ముందుకు జరిపాడు.

“సార్, పదహారు రోజుల క్రితం రికార్డు నిర్దుష్టమని మీరే రాశారు. ఇవాళ దొంగ రికార్డు అంటున్నారు. మేం ఏది నమ్మాలి?” అంది ఆవిడ.

“ఇవాళ్టిది.”

“ఎందుకని?”

ఉత్తరాన్ని నా వైపు తిప్పుకున్నాను. ఆవిడ మెత్తగా, “ఇంట్లో పిల్ల కోసం పెద్దవాళ్ళు ఏమైనా చేస్తారు. మా నాన్నా అంతే. మీ గౌరవాన్ని మీరు ఇలా పోగొట్టుకోవడం మాకు ఇష్టం లేదు సార్” అంది.

ముగ్గురి మొహాల్లోనూ జాలి. జీవితమంతా అబద్ధం నమ్మించాను. నిజం నమ్మించడం చేతకాలేదు.

“మార్కర్లున్నాయి కదా” అన్నాను.

“అవి ఆమె తీసిన నమూనాలు. విత్తనం మార్చుకుందనే కదా అనుమానం.”

అప్పుడు కోడలు లేచింది. “పీట విత్తనం ఒక ప్యాకెట్ వేరే ఊరి విత్తనాల బ్యాంకులో ఉందండీ. ఇరవయ్యారేళ్ళ క్రితం విడుదల పరీక్షకు ముందే దాచిపెట్టింది. సీలు వేసి ఉంది. గోదాము రిజిస్టరులో చూశాను. కానీ దాచినవాళ్ళు సంతకం పెడితే తప్ప తెరవరు. పీటని తయారుచేసినాయన్ని జూలైలోనే అడిగాను.”

“ఏమన్నారు?”

“మీ మామగారిని అడుగు, ఆయన చెప్పాక చూద్దాం అన్నారు.”

పదిహేను రోజులు గడువిచ్చారు.

ఆగస్టు 30

పోలేదు. మోకాలు నొప్పి.

ఆగస్టు 31

దర్జీ కొట్టు పక్క మెట్లు పదిహేడు. కొలబద్ద కుర్చీకి ప్లాస్టిక్ వైరు అల్లుతున్నాడు. నన్ను చూసి అల్లడం ఆపలేదు.

“కూర్చోడానికి ఏం లేదు. ఉన్నవన్నీ జనాల కుర్చీలు, అడుగులు లేనివి” అన్నాడు.

నిలబడే చెప్పాను. కమిటీ, గడువు, సంతకం. అతను వైరు లాగి ముడి బిగించాడు.

“నీకు సంతకం కావాలి.”

“నాకు కాదు. పిల్లకి.”

“పిల్లకైతే పిల్ల అడిగిన రోజే పెట్టేవాణ్ణి. కానీ నా ప్యాకెట్ తెరిస్తే ఏం తేలుతుంది? నిలువూ పీటా ఒకటే అని. అప్పుడు నువ్వు, కొలబద్ద గోదాములో కూర్చుని తేదీలు మార్చి, నా నిలువు విత్తనం పీట సంచిలో పోశాడు అనవూ?”

అనేవాణ్ణి. జూలైలో అయితే తప్పకుండా అనేవాణ్ణి. నాకన్నా అతనికే నేను బాగా తెలుసు.

“రాసివ్వు. నీ చేత్తో” అన్నాడు.

కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని రాశాను. అతను కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. ‘పొరపాటున జరిగిన’ అన్న మాట దగ్గర వేలు పెట్టాడు. కొట్టేశాను. ‘తొందరపాటుతో’ దగ్గర పెట్టాడు. అదీ కొట్టేశాను.

“మూడు మొక్కలు నువ్వు ఉంచావని నాకు మర్నాడే తెలుసు. పీకిన గుంటలు పదకొండున్నాయి. మిగతా మూడింటికీ కంకి కోసిన కాడలు ఉన్నాయి, ఏటవాలుగా. నువ్వే అలా కోస్తావు.”

“అప్పుడే చెప్పలేదేం?”

“చెప్పాను. విచారణలో రెండుసార్లు చెప్పాను. నువ్వు పక్కనే కూర్చున్నావు.”

ఆ విచారణలో అతను ఏం మాట్లాడాడో నాకు ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. అతని పెదాలు కదలడం మాత్రం గుర్తుంది.

సంతకం పెట్టాడు. నేను ఇంకేదో అనాలని నిలబడ్డాను. అతను కొత్త వైరు కట్ట విప్పుతూ, “జాగ్రత్తగా దిగు. ఎనిమిదో మెట్టు ఊగుతుంది” అన్నాడు.

సెప్టెంబర్ 13

సీలు కమిటీ ముందే తీశారు. పరీక్ష బయటి ల్యాబ్‌లో చేయించారు. అరవైలో యాభై తొమ్మిది నిలువుతో సరిపోయాయి. తేడా వచ్చిన ఆ ఒక్కటి ఎత్తు జన్యువుది.

సెప్టెంబర్ 16

కోడలికి మూడేళ్ళు పొడిగించారు. మొదటి జన్యువు బాగున్న వేరే రకంతో కొత్తగా మొదలుపెడుతుంది. ఈసారి రెంటినీ ముందు పరీక్ష చేశాకే కలుపుతుందట.

రిజిస్టరులో నిలువు పక్కన నా పేరు కొట్టేసి కొలబద్ద పేరు రాశారు. నవ్వుమొహం అతనికి ఫోన్ చేసి సన్మానం అన్నాడట. కొలబద్ద, “కుర్చీలున్నాయి, పని ఉంది” అని పెట్టేశాడట. ఇదంతా కొడుకు చెప్పాడు. కోడలు నాతో మాట్లాడుతుంది. భోజనానికి పిలుస్తుంది, మందు వేసుకున్నారా అంటుంది. నేను వేసుకున్నానంటే డబ్బా తీసి మాత్రలు లెక్కపెడుతుంది.

సెప్టెంబర్ 24

నా పేరుతో మరో నాలుగు రకాలున్నాయి. నాలుగింటినీ మార్కర్లతో పరీక్ష చేయాలని పై నుంచి ఉత్తర్వు. చేసేది కోడలే.

“మామయ్యగారూ, వీటిలో ముందే చెప్పాల్సింది ఏదైనా ఉందా?” అని అడిగింది. కోపంగా కాదు. డాక్టరు అడిగినట్టు.

“లేదు. నాలుగూ శుభ్రమైనవే.”

“సరేనండీ” అని రాసుకుంది. ఏం రాసుకుందో నాకు కనిపించలేదు.

నాలుగూ శుభ్రమైనవే. ఎండలో నా చేత్తో కలిపాను, నా కళ్ళతో ఏరాను. ఇది నిజం. నిజమని రాస్తున్నాను. ఇక్కడ చదివేది నేనొక్కణ్ణే, అబద్ధం రాయాల్సిన పని లేదు.

పద్నాలుగూ పీకించానని రాసిన జూలై పదిన కూడా చదివేది నేనొక్కణ్ణే.

సెప్టెంబర్ 26

నాలుగింటిలో రెండోది. దాని తల్లి విత్తనం నాకు ఎవరు ఇచ్చారు? పేజీ ఉంది, తేదీ ఉంది, దస్తూరీ నాది. ఆ రోజు మాత్రం గుర్తుకు రావడం లేదు. మొదటిదాని రోజు గుర్తుంది, వాన వచ్చింది. మూడోదానికి ఆవిడ ఆస్పత్రిలో ఉంది. రెండోదానికి ఏమీ లేదు. కాగితం మీద అక్షరాలు తప్ప ఏమీ లేదు. అలాంటి అక్షరాలు ఎలా పుడతాయో నాకు తెలుసు.

సెప్టెంబర్ 27

పొద్దున కోడలు స్కూటర్ తీస్తుంటే గేటు దగ్గరికి వెళ్ళాను. రెండో రకం గింజలు పాతవి నా దగ్గర ఉన్నాయి, పొట్లం కట్టి ఇచ్చాను.

“ముందు దీన్ని చూడు” అన్నాను.

ఆమె పొట్లం తీసుకోలేదు వెంటనే. “ఇందులో ఏముంది?” అంది.

“తెలీదు.”

స్కూటర్‌కి స్టాండు వేసింది. తర్వాత పొట్లం మీద తేదీ వేసి, ఎవరిచ్చారో రాసి, నాచేత సంతకం పెట్టించుకుని సంచిలో వేసుకుంది.

“మొలకెత్తి, ఆకు తీసి, చదివేసరికి పన్నెండు రోజులు పడుతుంది మామయ్యగారూ.”

పన్నెండు రోజులు. ఈలోపు గుర్తొస్తుందేమో చూడాలి.